సున్నా వానా, లెక్క లేని నెలా: ఆర్‌లో వర్షపాతం పట్టిక

వర్షపాతం లెక్కలు చాలావరకు నిలువుగా దొరుకుతాయి. సంవత్సరం, నెల, మిల్లీమీటర్లు అని మూడు కాలమ్‌లు. నూరేళ్ల రికార్డయితే 1200 వరుసలు. చూసేవాళ్లకు కావాల్సింది ఏడాదికో వరుస, అడ్డంగా 12 నెలలు. ఏ ఆగస్టు ఎండగట్టిందో, ఏ నవంబరులో తుపాను కొట్టిందో అప్పుడే కంటికి ఆనుతుంది. గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో ఇది ఒక్క లైను పని. ఏ లైను అన్నదే తిరకాసు.

టైడీఆర్ ప్యాకేజీలోని పివట్_వైడర్ ఫంక్షన్‌కి నేమ్స్_ఫ్రమ్‌గా నెలను, వాల్యూస్_ఫ్రమ్‌గా మిల్లీమీటర్లను ఇస్తే పట్టిక వచ్చేస్తుంది. తేదీ కాలమ్ ఉంటే ముందే తీసెయ్యాలి. లేకపోతే ఏడాదికి 12 వరుసలొచ్చి, ఒక్కోదాంట్లో ఒక్క అంకె, చుట్టూ ఎన్‌ఏలతో (విలువ లేదన్న గుర్తులతో) మెట్లమెట్లుగా తయారవుతుంది. ఒకే నెల రెండుసార్లు నమోదై ఉంటే గడిలో అంకెకు బదులు జాబితా కూర్చుంటుంది, హెచ్చరికా వస్తుంది. దాన్ని వదిలించుకోవడానికి వాల్యూస్_ఎఫ్ఎన్‌లో సమ్ (కూడిక) పెట్టారో, నకలు కూడా కలిసి ఆ నెల వాన రెట్టింపవుతుంది. నకలును వెతికి తీసెయ్యడమే సరైన మందు.

నెలల వరసదీ ఓ పేచీ. నెల పేర్లు ఇంగ్లీషులో ఉంటే, ఇలాంటి పట్టికే కట్టే మరో ఆర్ ఫంక్షన్ ట్యాప్లై వాటిని అక్షర క్రమంలో పెడుతుంది: ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు, ఫిబ్రవరి. పివట్_వైడర్ మాత్రం డేటాలో ముందు కనిపించిన నెలను ముందు పెడుతుంది. నెలలను 1 నుంచి 12 అంకెలుగా తీసుకుని, లెవెల్స్ (ఏది ముందో ఏది వెనకో) చెప్పి ఫ్యాక్టర్‌గా (వరస ఉన్న వర్గాలుగా) మార్చి, నేమ్స్_సార్ట్‌ని ట్రూ చేస్తే గొడవుండదు. తేదీ నుంచి నెల పేరు లాగితే అది కంప్యూటర్‌లో ఎంచుకున్న భాషను బట్టి మారిపోతుంది కాబట్టి అంకెలే నయం.

అసలు ప్రమాదం సున్నాతో. డేటాలో ఒక నెల వరుసే లేదనుకోండి. ట్యాప్లై ఆ గడిలో ఎన్‌ఏ పెడుతుంది, అలాంటిదే ఇంకో ఫంక్షన్ ఎక్స్‌ట్యాబ్స్ 0 పెడుతుంది. హైదరాబాదులో జనవరికి 0 అంటే ఎవరూ ఉలిక్కిపడరు, అందుకే ఆ తప్పు దొరకదు. రోజువారీ లెక్కలను నెలకు కూడేటప్పుడూ ఇదే మోసం: ఎన్‌ఏలను వదిలేసి కూడమనే ఎన్‌ఏ.ఆర్ఎమ్‌ని ట్రూ చేస్తే, నెలంతా కొలత లేకపోయినా సమ్ 0 అంటుంది. కూడే ముందు ఎన్ని రోజులకు కొలత ఉందో లెక్కపెట్టి, తక్కువైతే ఎన్‌ఏగానే వదలాలి. లోపానికి గుర్తుగా -999 రాసే ఫైళ్లుంటాయి. దాన్ని ముందే ఎన్‌ఏ చెయ్యకపోతే ఏడాది మొత్తం మైనస్‌లోకి పోయినా పోతుంది.

ప్యాకేజీ అక్కర్లేని చిట్కా ఒకటుంది. అంకెల వరసను టీఎస్ ఫంక్షన్‌కి ఇచ్చి, ఫ్రీక్వెన్సీ 12 అని చెప్పి ప్రింట్ చేస్తే ఏడాదీ నెలల పట్టిక దానంతటదే వస్తుంది. సరదాగానే ఉంటుంది గానీ, మధ్యలో ఒక్క నెల తప్పిపోయిందా, ఆ తర్వాతి అంకెలన్నీ అంతకు ముందు నెల గడిలోకి జరుగుతాయి. ఆర్ కిక్కురుమనదు.

మన దగ్గర నీటి సంవత్సరం (వాన నీటి లెక్కకు వాడే ఏడాది) జూన్‌లో మొదలవుతుంది. దానికి తగ్గట్టు పట్టిక కావాలంటే జనవరి నుంచి మే దాకా ఉన్న నెలలకు సంవత్సరంలోంచి 1 తీసేసి, లెవెల్స్‌ని 6 నుంచి 12, ఆపై 1 నుంచి 5 అని ఇవ్వాలి. నెల్లూరులాంటి చోట, అక్టోబరు–డిసెంబరు ఈశాన్య రుతుపవనాల వాన జనవరిలోకి సాగినా ఒకే వరుసలో ఉంటుంది. రికార్డు జనవరిలో మొదలై డిసెంబరులో ముగిస్తే మొదటి వరుసలో 5 నెలలు, చివరి వరుసలో 7 నెలలే ఉంటాయి. ఆ రెండింటినీ సగటులోంచి తప్పించాలి.