ఇంగ్లండ్ పాత ఇళ్ల చెక్క నేలలు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలం నాటి ఇళ్ల చెక్క నేలలను బాగుచేయడం నా వృత్తి. తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్, ఇల్ఫర్డ్ ప్రాంతాల్లో అటువంటి వరుస ఇళ్లను కొన్న మన తెలుగు కుటుంబాలు నన్ను పిలిచే వేళకు వారి చేతిలో సాధారణంగా రెండు కాగితాలు ఉంటాయి. నేలలో తేమ ఉన్నదని చెప్పే సర్వే నివేదిక ఒకటి, నేల మొత్తం తొలగించి కాంక్రీటు పోయడానికి ఏదో ఒక కంపెనీ రాసిచ్చిన అంచనా మరొకటి. దాచుకున్నదంతా డిపాజిట్ కింద కట్టేసిన తరువాత ఆ అంకెను చూసినవారి గుండెదడ నాకు అర్థమవుతుంది. ఆ దడను పెంచే పుకార్లను మాత్రం సహించలేను.

అపోహ: కుళ్లు కనిపించిందంటే చెక్క నేల మొత్తం పీకి కాంక్రీటు పోయవలసిందే.

అన్ని అపోహల్లోనూ ఎక్కువ డబ్బు మింగేది ఇదే. ఈ ఇళ్లలో కింది అంతస్తు నేల మట్టిని తాకి ఉండదు. గోడల మీద, మధ్యలో కట్టిన పొట్టి ఇటుక గోడల మీద జాయిస్టులు, అంటే నేలను మోసే చెక్క దూలాలు, ఆని ఉంటాయి, వాటిపై పైన్ పలకలు ఉంటాయి, వాటి అడుగున ఖాళీ ఉంటుంది. ముందు గోడలోనూ వెనుక గోడలోనూ ఉండే ఎయిర్ బ్రిక్స్ అనే రంధ్రాల ఇటుకల గుండా వీచే గాలి, మట్టి నుంచి లేచే తేమను ఎప్పటికప్పుడు బయటికి తీసుకుపోతుంది. కలపలో తేమ 20 శాతానికి లోపు ఉన్నంతకాలం కుళ్లు తెచ్చే బూజు అందులో వేళ్లూనుకోలేదు కనుకనే నూరేళ్లు దాటిన జాయిస్టులు నేటికీ బరువు మోస్తున్నాయి.

కాబట్టి కుళ్లు కనిపిస్తే తప్పు కలపది కాదు. గాలి ఆగిపోయి ఉండాలి, లేదా ఎక్కడినుంచో నీరు చేరుతూ ఉండాలి. చలిగా ఉందని పాత యజమాని ఎయిర్ బ్రిక్స్ మూసేసి ఉండవచ్చు. ముందున్న తోట తీసేసి కారు నిలపడానికి రాళ్లు పరచినప్పుడు బయటి మట్టం పెరిగి అవి పూడిపోయి ఉండవచ్చు. వాన నీటి గొట్టమో రేడియేటర్ పైపో కారుతూ ఉండవచ్చు. కాంక్రీటు వీటిలో ఒక్కదానినీ సరిచేయదు. పైగా గది కింద అణగిపోయిన తేమ అంచులకు చేరి గోడల్లోకి ఎక్కుతుంది. వెనుక గదికి మాత్రమే కాంక్రీటు పోసి, దాని అడుగున గాలి గొట్టాలు వేయడం మరచిన ఇళ్లలో ముందు గది నేల కుళ్లడం నేను పదేపదే చూసే సంగతి.

ఇల్ఫర్డ్‌లో ఒక ఇంటికి వెళ్లినప్పుడు, కాకినాడ నుంచి మనవడిని చూసుకోవడానికి వచ్చిన పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, "బాబూ, పిల్లాడు పరుగెడితే ఈ నేల కూలుతుందా?" అని అడిగారు. కిటికీ వైపు పలకలు లేపి చూస్తే, గోడలోకి దూరిన జాయిస్టుల కొసలు మాత్రమే స్క్రూడ్రైవర్ దిగబడేంత మెత్తగా ఉన్నాయి. అక్కడి నుంచి జానెడు దూరం దాటితే కలప గట్టిగా ఉంది. ఎయిర్ బ్రిక్స్ బయట పరచిన రాళ్ల కింద పూడి ఉన్నాయి. కుళ్లిన కొసలు కోసేసి, పక్కన కొత్త కలపను బోల్టులతో బిగించి, ఇటుకను తాకే చోట తేమ ఎక్కకుండా పొర చుట్టి, బయటి మట్టం తగ్గించి గాలి దారి తెరిచాము. పాత పలకల్లో చాలావరకు తిరిగి తమ చోటికే చేరాయి. ఆ పెద్దావిడ మాత్రం పలకలన్నీ మేకులతో బిగించేదాకా మనవడిని ఆ గదిలోకి రానివ్వలేదు.

నిజంగానే నేలంతా మార్చవలసిన ఇళ్లు కొన్ని ఉంటాయి. అప్పుడు కూడా తిరిగి చెక్కే వేయించండి, గాలి దారులు తెరిచి ఉంచండి. కొత్త పలకలు పాతవాటికంటే పలచగా ఉండడం మామూలే కనుక, పాత కలప అమ్మే యార్డుల్లో అదే వెడల్పు, అదే మందం ఉన్నవి వెతకడం మేలు. ఏ కలపనైనా బిగించే ముందు వారం పది రోజులు అదే గదిలో ఉంచాలి.

డ్రై రాట్ అనే రకం కుళ్లు బూజు సంగతి వేరు: అది ఇటుకల మధ్య నుంచి కూడా పాకుతుంది కనుక కంటికి కనిపించిన మేరను దాటి కోయవలసి వస్తుంది. అయినా దానికీ నీరే ప్రాణం.

అపోహ: చలిగాలి ఆగాలంటే ఎయిర్ బ్రిక్స్ మూయాలి.

మూయకూడదు. జాయిస్టుల మధ్య వల కట్టి, దానిపై ఆవిరిని బయటికి పోనిచ్చే రకం ఇన్సులేషన్ పరిస్తే చలి తగ్గుతుంది, గాలీ ఆడుతుంది.

అపోహ: పలకల్లో రంధ్రాలుంటే చెదలు పట్టినట్లే.

మన ఊళ్ల అనుభవంతో పుట్టే భయమిది. బ్రిటన్‌లో చెదలు స్థిరపడలేదు. డెవన్‌లోని సాంటన్‌లో ఒకచోట బయటపడితే ఏళ్ల తరబడి నిర్మూలన పని సాగించి, 2021లో అవి పూర్తిగా పోయినట్లు ప్రకటించారు. మీరు చూస్తున్న 2 మిల్లీమీటర్ల రంధ్రాలు ఫర్నిచర్ బీటిల్ అనే పురుగు బయటికి వెళ్లిన దారులు. వేసవిలో రంధ్రాల దగ్గర కొత్తగా లేత రంగు పొడి రాలకపోతే ఆ పురుగు ఎప్పుడో పోయి ఉంటుంది. పొడిబారిన కలపకు మందు కొట్టించడం వృథా ఖర్చు.

అపోహ: ఇంటి లోపలి నేల మన ఇష్టం.

ఇల్లు లిస్టెడ్ భవనమైతే, అంటే చారిత్రక విలువ ఉన్నదని రక్షిత జాబితాలో చేర్చినదైతే, ఆ రక్షణ లోపలి భాగాలకూ వర్తిస్తుంది. దాని స్వభావాన్ని మార్చే పనిని అనుమతి లేకుండా చేయడం నేరం.

అపోహ: పాత పలకలను అరగదీసి నునుపు చేయడానికి శాండింగ్ మెషీన్ అద్దెకు తెచ్చుకుంటే చాలు.

పాత పెయింటులో సీసం ఉండవచ్చు, అరగదీస్తే అది విషపు ధూళిగా లేస్తుంది కనుక ముందు పరీక్షించండి. పలకల మీద పాత వినైల్ టైల్స్, నల్లని జిగురు కనిపిస్తే వాటిలో పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. నమూనా ఫలితం వచ్చేదాకా మెషీన్ ఆన్ చేయకండి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.