ఏది ముందు, ఏది వెనక? కంప్యూటర్ల మధ్య తెగని గడియారం తగువు

ఫ్యామిలీ గ్రూప్‌లో ఇది మీరూ చూసే ఉంటారు. "ఎక్కడిదాకా వచ్చారు?" అని అక్క అడిగింది కింద ఉంటుంది, "సూర్యాపేట దాటాం" అన్న జవాబు దానికి పైన ఉంటుంది. అడగకముందే జవాబు వచ్చేసినట్టు! అక్కడ నవ్వుకుని వదిలేస్తాం. జీతం పడకముందే ఈఎంఐ కోతకు వచ్చినట్టు బ్యాంకు లెక్క తేలితే మాత్రం నవ్వు రాదు.

కంప్యూటర్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఈ గొడవ లేదు. దాని గడియారం తప్పు చూపినా అందరికీ ఒకటే తప్పు చూపేది. మెషీన్లు ఎక్కువయ్యాకే చిక్కు మొదలైంది. ఒక్కోదానిలో గడియారాన్ని నడిపే ఒక్కో క్వార్ట్జ్ ముక్క ఉంటుంది. వేడిని బట్టి, వయసును బట్టి దాని నడక మారుతుంది. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా రోజు తిరిగేసరికి 1.7 సెకన్లు అటో ఇటో అవుతుంది. ఆపాటి సమయంలో సర్వర్లు వేల పనులు చేసేస్తాయి.

1975లో, ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అయిన అర్పానెట్ కోసం పాల్ జాన్సన్, రాబర్ట్ థామస్ ఒక పద్ధతి రాశారు. ఒకే డేటాబేస్ నకళ్లు నాలుగు చోట్ల ఉంటే, ప్రతి మార్పు మీదా అది జరిగిన టైమ్ ముద్ర, అంటే టైమ్‌స్టాంప్ వేయాలి, ఏది తాజాది అయితే అది నిలుస్తుంది. అది చదివిన కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్‌కు లోపం దొరికింది. ఒక మార్పును చూసి దానికి స్పందనగా చేసిన ఇంకో మార్పుకు, మొదటిదానికన్నా ముందు టైమ్ పడే వీలుంది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం మీద పట్టు ఉండడం వల్లే అది తట్టిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. దూరాన జరిగిన రెండు సంఘటనల్లో ఏది ముందో అందరికీ ఒకేలా కనబడాలని లేదు, ఒకదాని కబురు రెండోదానికి చేరగలిగితేనే ముందువెనకలు ఖాయం.

1978లో ఆయన ప్రచురించిన పరిష్కారం ఎంత చిన్నదంటే, మొదటిసారి చదివినప్పుడు ఇంతేనా అనిపిస్తుంది. గడియారాన్ని పక్కన పెట్టి ప్రతి మెషీన్ ఒక లెక్క పెట్టుకుంటుంది, పని జరిగినప్పుడల్లా ఒకటి కలుపుకుంటుంది. పంపే ప్రతి సందేశం మీదా ఆ అంకె వేస్తుంది. నా లెక్క 5 దగ్గర ఉండగా 9 అని రాసున్న సందేశం వస్తే, నాది 10కి దూకుతుంది. ఇక జవాబు అంకె ఎప్పటికీ ప్రశ్న అంకెను మించే ఉంటుంది. పదేళ్ల తర్వాత ఫిడ్జ్, మాటెర్న్ అనే ఇద్దరు పరిశోధకులు విడివిడిగా ఈ ఒక్క అంకె స్థానంలో అంకెల వరుస పెట్టి, ఏ రెండు పనులకు అసలు సంబంధం లేదో కూడా తేల్చగలిగారు.

తన పద్ధతికి ఉన్న కన్నాన్ని లాంపోర్టే ఆ వ్యాసంలో చూపించారు. నేను ఇక్కడ ఒక అభ్యర్థన పెట్టి, వేరే ఊళ్లో ఉన్న మిత్రుడికి ఫోన్ చేసి "నువ్వూ పెట్టు" అన్నాననుకోండి. ఆ ఫోన్ సంగతి కంప్యూటర్లకు తెలియదు కాబట్టి, ఆయన అభ్యర్థనకే చిన్న అంకె పడొచ్చు. కథంతా ఈ కన్నం చుట్టూనే తిరిగింది. బయటి ప్రపంచంతో పని పడితే, మళ్లీ గోడ గడియారం కావాల్సిందే.

ఆ గడియారాలను దగ్గరికి లాగడానికి 1985లో డేవిడ్ మిల్స్ ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్) అనే పద్ధతి తెచ్చారు. మన ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ నేటికీ ఎక్కువగా ఆ దారిలోనే టైమ్ తెచ్చుకుంటాయి. కబురు వెళ్లడానికీ రావడానికీ ఒకే సమయం పడుతుందని అది నమ్ముతుంది. నెట్‌వర్క్‌లో ఆ నమ్మకం తరచూ తప్పుతుంది.

గడువులోపే స్పందించి తీరాల్సిన రియల్‌టైమ్ సిస్టమ్‌లకైతే గడియారాన్ని వదిలేసే దారే లేదు. దూసుకొచ్చే క్షిపణి మన లెక్కల కోసం ఆగదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో జరిగింది ఇదే. శత్రు క్షిపణులను కూల్చే అమెరికా పేట్రియాట్ వ్యవస్థ సెకనులో పదో వంతు చొప్పున కాలం లెక్కపెట్టి, దాన్ని 0.1తో గుణించి సెకన్లు చేసేది. మూడో వంతును దశాంశాల్లో 0.333 అంటూ రాసుకుపోవాల్సినట్టే, బైనరీలో 0.1 ఎంత రాసినా పూర్తి కాదు. 24 బిట్లకు తెంపేస్తే ప్రతిసారీ 0.000000095 సెకను జారిపోతుంది. 100 గంటలు ఆపకుండా నడిపేసరికి ఆ జారుడు 0.34 సెకను అయింది. ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి సెకనుకు కిలోమీటరున్నరకు పైగా వస్తుంది, రాడార్ వెతికిన చోటు 687 మీటర్లు పక్కకు పోయింది. బ్యారక్ మీద స్కడ్ పడి 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఎక్కువ గంటలు నడిపితే గురి చెడుతోందని, పేట్రియాట్‌లు వాడుతున్న ఇజ్రాయెల్ అంతకు రెండు వారాల ముందే చెప్పింది. మరీ ఎక్కువసేపు నడపొద్దని హెచ్చరికా వెళ్లింది, ఎంతసేపైతే ఎక్కువో అందులో లేదు. ఆపి మళ్లీ ఆన్ చేసినా సరిపోయేది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ మర్నాడు చేరింది.

గడియారాలు బాగున్నా భూమి కుదురుగా తిరగదు, అందుకని దాని తిరుగుడుకు సరిపడేలా 1972 నుంచి 2016 దాకా గడియారాలకు 27 అదనపు సెకన్లు, అంటే లీప్ సెకన్లు కలిపారు. 2012లో, మన టైమ్ ప్రకారం జూలై 1 తెల్లవారి 5.30కి అలా ఒక సెకను కలపగానే చాలా లినక్స్ సర్వర్లు బిగుసుకుపోయాయి. విసుగెత్తి 2022లో వెర్సాయ్ సమావేశంలో, 2035లోగా ఈ పద్ధతి మార్చాలని దేశాలు ఒప్పుకున్నాయి.

అదే 2012లో గూగుల్ తన స్పానర్ డేటాబేస్ సంగతి బయటపెట్టింది. డేటా సెంటర్లలో జీపీఎస్ రిసీవర్లు, అణు గడియారాలు పెట్టడం గురించే అందరూ మాట్లాడుకున్నారు. నాకు మాత్రం అసలు మార్పు ఆ గడియారం జవాబు చెప్పే తీరులో కనిపిస్తుంది. ఎంతైందని అడిగితే అది ఒక అంకె చెప్పదు, "పదీ పదింబావు మధ్య" అని మన పెద్దవాళ్లు అన్నట్టు ఒక ఎడం చెబుతుంది. అప్పట్లో ఆ ఎడం అటు 1 నుంచి 7, ఇటు 1 నుంచి 7 మిల్లీసెకన్లు. లావాదేవీకి టైమ్ వేశాక, ఆ క్షణం కచ్చితంగా గడిచిపోయిందని తేలేదాకా స్పానర్ ఊరికే కూర్చుంటుంది. ఆ తర్వాతే "అయింది" అంటుంది. లాంపోర్ట్ చెప్పిన ఫోన్ కన్నం అలా పూడింది. ఆ "అయింది" విన్నాకే ఫోన్ చేస్తే, మిత్రుడికి చిన్న అంకె పడదు.

అణు గడియారాలు కొనలేనివాళ్లు రెండు దారులూ కలిపేశారు. గోడ గడియారం టైమ్‌కు లాంపోర్ట్ లెక్కను తోకలా తగిలించే హైబ్రిడ్ క్లాక్ 2014లో వచ్చింది. కాక్రోచ్‌డీబీ అనే డేటాబేస్ దీన్నే వాడుతుంది. మామూలుగా అందులో గడియారాల మధ్య తేడాకు హద్దు 500 మిల్లీసెకన్లు. మిగతా మెషీన్లలో కనీసం సగం వాటితో తన తేడా ఆ హద్దులో 80 శాతం దాటిందని కనిపెడితే, ఆ మెషీన్ ఎవరినీ అడగదు, తనను తానే ఆపేసుకుంటుంది.