“ముక్కమ్మా, ముక్కు!”

కాన్పు గది బయట కూర్చున్నవాళ్లకు ఎక్కువగా వినిపించే మాట ఇదే. అయితే ఆ మాట ఎప్పుడు అనాలో ముందుగా చెప్పేది తల్లి శరీరమే.

గర్భాశయ ముఖద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి బిడ్డ బయటపడేదాకా ప్రసవంలో రెండో దశ. ద్వారం తెరుచుకోగానే ముక్కాలనిపించకపోవచ్చు. బిడ్డ తల ఇంకా కిందికి దిగి యోని గోడలను సాగదీసినప్పుడు ఆ సంకేతం నరాల ద్వారా మెదడుకు చేరి, గర్భాశయాన్ని బిగించే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ మరింతగా విడుదలై, గర్భాశయం ఇంకా బలంగా బిగుసుకుంటుంది. దాంతో తల మరికాస్త దిగుతుంది. 1941లో దీన్ని వివరించిన శాస్త్రవేత్త పేరిట దీనిని ఫెర్గూసన్ ప్రతిచర్య అంటారు. అప్పుడు తల్లికి అచ్చం విరేచనానికి వచ్చినట్టే ఉంటుంది. చాలామంది సిగ్గుపడి చెప్పరు గానీ, నర్సు ఎదురుచూసేది ఆ మాట కోసమే. వెన్నులో మత్తు ఇచ్చినవారికి ఈ ఒత్తిడి మందంగా తెలుస్తుంది కనుక, తల్లీబిడ్డలు బాగుంటే కొంతసేపు ఆగి ముక్కించవచ్చు.

నొప్పికీ నొప్పికీ మధ్య దొరికే ఎడం తల్లి సేదతీరడానికే కాదు, బిగువు సడలి మాయలోకి రక్తం మళ్లీ ధారాళంగా పారడానికి కూడా అవసరం. అందుకే ఊపిరి బిగబట్టి ఏకధాటిగా ముక్కించడం కన్నా, తల్లి తనకు అనిపించినట్టు ముక్కడమే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. తొలి కాన్పులో ఈ దశ సాధారణంగా 3 గంటల్లోపు, తర్వాతి కాన్పుల్లో 2 గంటల్లోపు ముగుస్తుంది. త్వరగా కావాలని పొట్ట మీద చేతులతో నొక్కడం మాత్రం ఆ సంస్థ వద్దన్న పని.

తల కనిపించినట్టే కనిపించి మళ్లీ లోపలికి జారుతుంటే నిరాశపడనక్కరలేదు; అలా ముందుకూ వెనక్కూ ఆడుతూనే అది దారి చేసుకుంటుంది. చివరికి తల వెనక్కి జారకుండా నిలిచినప్పుడు యోని అంచుల్లో భగ్గున మంట పుడుతుంది. అంతదాకా ముక్కమన్నవాళ్లే అప్పుడు “ముక్కొద్దు, నోటితో చిన్నగా ఊపిరి వదులు” అంటారు. తల నెమ్మదిగా వస్తే చర్మం సాగే వీలుంటుంది, పెద్ద చీలికలు తగ్గుతాయి.

ఇరుకు దారిలో పుర్రె ఎముకలు ఒకదానిపై ఒకటి జరగడం వల్ల బిడ్డ తల తొలుత కోలగా కనిపించవచ్చు. సాధారణంగా కొద్ది రోజుల్లో అదే గుండ్రంగా వస్తుంది. నీళ్లు పోసే పెద్దమ్మలు నూనె రాసి ఒత్తి సరిచేయనక్కరలేదు.