బస్ క్లాక్ తగ్గిస్తే బ్యాటరీకి ఏం మిగులుతుంది?

విజయవాడ

చిరంజీవులకు ఆశీస్సులు.

ప్రాసెసర్ వేగం తగ్గిస్తే చాలు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని మీరు అనుకుంటారు. లెక్క వేసి చూడండి. ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవుతున్నప్పుడు ఖర్చయ్యే పవర్ క్లాక్ వేగాన్నిబట్టీ (అంటే చిప్ సెకనుకు ఎన్నిసార్లు తాళం వేస్తుందో), వోల్టేజీ వర్గాన్నిబట్టీ పెరుగుతుంది. వేగం సగం చేస్తే ఆ పవరూ సగమే. కానీ అదే పనికి రెట్టింపు సేపు పడుతుంది కదా, మొత్తం ఖర్చు పాతదే! అసలు లాభం వోల్టేజీలో ఉంది. నెమ్మదిగా నడిచే చిప్‌కి తక్కువ వోల్టేజీ సరిపోతుంది. ఉదాహరణకు 1.2 వోల్టుల నుంచి 0.9కి దించితే 0.75 వర్గం, అంటే పని మొత్తానికి 56 శాతమే ఖర్చు.

దించేటప్పుడు ముందు వేగం, తర్వాత వోల్టేజీ. పెంచేటప్పుడు ముందు వోల్టేజీ. ఈ వరస తప్పితే సిగ్నల్ వేళకి చేరదు, మెషీన్ అక్కడే బిగుసుకుపోతుంది.

ఇక బస్ సంగతి. బస్ అంటే ప్రాసెసర్‌ని మెమరీతో, మిగతా భాగాలతో కలిపే దారి; దాని తాళమే బస్ క్లాక్. కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) వేగమంటే బస్ క్లాక్‌ని గుణకంతో హెచ్చవేసిన సంఖ్య. మామూలుగా గుణకాన్నే తగ్గిస్తారు. 2007 నాటి చాలా కోర్ 2 డ్యుయో ల్యాప్‌టాప్‌లలో బస్ 200 మెగాహెర్ట్జ్, గుణకం 6 కంటే దిగదు. కాబట్టి 1200 దగ్గరే ఆగిపోవాలి. అందుకే ఇంటెల్ బస్‌నే 100కి దించి, గుణకం 8తో 800 మెగాహెర్ట్జ్‌కి తెచ్చింది. వోల్టేజీ ఇంకాస్త దిగింది. అయితే బస్ ప్రాసెసర్ ఒక్కదానిదే కాదు, అవతల చిప్‌సెట్ (ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్యనుండే చిప్) కూడా దాని తాళానికే నడుస్తుంది. రెండూ ఒకేసారి మారాలి. పైగా మెమరీకి వెళ్లే దారి సగానికి ఇరుకవుతుంది. అందుకే ఇది పని బాగా తక్కువున్నప్పుడే వాడవలసిన ఉపాయం.

2008 తర్వాత ఇంటెల్ మెమరీని నడిపే భాగాన్ని, అంటే మెమరీ కంట్రోలర్‌ని, ప్రాసెసర్‌లోకే తెచ్చి ఆ పాత బస్‌ని తీసేస్తూ వచ్చింది. ఇప్పుడు గుణకంతో హెచ్చవేసే మూల తాళం, అంటే బేస్ క్లాక్, సాధారణంగా 100 మెగాహెర్ట్జ్ దగ్గర స్థిరంగా ఉంటుంది, గుణకమే మారుతుంది. బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) బేస్ క్లాక్‌ని మాత్రం కదపకండి. చాలా బోర్డుల్లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కార్డులూ డిస్కులూ కలిసే దారి) కూడా దానిమీదే ఆధారపడుతుంది, డిస్క్ మొరాయించవచ్చు.

మే నెల ఎండల్లో గది 40 డిగ్రీలకు చేరితే చిప్‌లో లీకేజీ కరెంటు (పని లేకున్నా కారిపోయే కరెంటు) కూడా పెరుగుతుంది. అప్పుడు ఊరికే ఉన్నా ఫ్యాన్ మోగుతుంటే, విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మినిమమ్ ప్రాసెసర్ స్టేట్ కనిపిస్తే 100 ఉందేమో చూసి 5 చేయండి. టాస్క్ మేనేజర్ పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో స్పీడ్ దిగాలి. దిగకపోతే ప్రాసెసెస్ ట్యాబ్‌లోని సీపీయూ కాలమ్‌లో పైనున్న ప్రోగ్రామ్ ఏదో పట్టుకోండి, తప్పు దానిదే అయి ఉంటుంది.

ఇట్లు,
మీ పెదనాన్న