హార్మోన్ మాత్ర: 2002 నాటి భయం కర్నూలు ఆడవాళ్లదాకా ఎలా వచ్చింది

హార్మోన్ మాత్రల మీద పాత గొడవ మళ్లీ లేచింది. ముట్లు ఆగిన తర్వాత ఒళ్లు మంటల్లాంటివాటికి వాడే ఈస్ట్రోజన్ (అండాశయాల్లో తయారయ్యే హార్మోన్) మందుల కాగితాల మీద ఇరవై ఏళ్లకు పైగా నల్లగీతల గడిలో ఒక హెచ్చరిక ఉంది. అందులోంచి గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు ప్రస్తావనలు తీసేయమని కంపెనీలను కోరుతున్నట్టు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 నవంబరు 10న ప్రకటించింది. ఇంకేముంది, "అందరూ వాడండి" అని ఒక వీడియో, "ముట్టుకుంటే క్యాన్సరే" అని ఇంకొకటి. కర్నూలు గాయత్రీ ఎస్టేట్‌లో ఓపీ చీటీ పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు ఇందులో ఏది నమ్మాలి?

చూడి గుర్రాల మూత్రం నుంచి ఈస్ట్రోజన్ తీసి 1942లో మాత్రగా అమ్మిన కథ చాలామంది రాసిందే, వదిలేద్దాం. మలుపంతా 2002 జులై 9న ఉంది. విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఒక భాగాన్ని ఆరోజు మధ్యలోనే ఆపేశారు. అందులో 16,608 మంది ఉన్నారు. అందరికీ గర్భసంచి ఉంది, సగటు వయసు 63. సగం మందికి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండో హార్మోన్ కలిపిన మాత్ర ఇచ్చారు, మిగతావాళ్లకు మందు లేని ఉత్తి మాత్ర. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందన్నదే అన్ని పేపర్లలో హెడ్డింగ్ అయింది. విడమరిస్తే ఆ లెక్క ఇది: పదివేల మందిని ఏడాదిపాటు చూస్తే ఉత్తి మాత్ర వాళ్లలో 30 మందికి, మందు వాడినవాళ్లలో 38 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. పక్షవాతం కూడా ఎనిమిది ఎక్కువ. తుంటి ఎముక విరగడం ఐదు తక్కువ. ఈ రెండో రకం లెక్క ఏ పేపర్లోనూ పెద్దక్షరాల్లో పడలేదు. ఏడాది తిరిగేసరికి అమెరికాలో హార్మోన్ చీటీలు మూడో వంతుకు పైగా పడిపోయాయి. ఇక్కడి డాక్టర్లు కూడా పెన్ను పక్కన పెట్టారు.

అదే అధ్యయనంలో రెండో భాగం కూడా ఉంది. 2004లో దాన్నీ ఆపారు, కానీ ఆ వార్త పెద్దగా ఎవరికీ చేరలేదు. అందులో 10,739 మంది, అందరూ గర్భసంచి తీయించుకున్నవాళ్లే. వాళ్లకు ఇచ్చింది ఒట్టి ఈస్ట్రోజన్. రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. తర్వాత చాలా ఏళ్లు వెంట ఉండి చూస్తే తగ్గిందని 2020లో తేలింది. పక్షవాతం మాత్రం పెరిగింది, పదివేలకు ఏడాదికి 12 ఎక్కువ. భయం మొదటి భాగం నుంచి పుట్టింది. వర్తింపజేసింది గర్భసంచి ఉన్నవాళ్లకూ, లేనివాళ్లకూ.

మన దగ్గర ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 8.7 శాతం మందికి గర్భసంచి లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 చెప్పిన లెక్క ఇది. దేశం మొత్తానికి చూస్తే 3.3 శాతమే. తెల్లబట్ట, నడుము నొప్పి, ఎక్కువ రోజులు ముట్టు, ఇవి చెప్పుకుని వెళ్లినవాళ్లు 35 ఏళ్లకే గర్భసంచి తీసే పెద్దాపరేషన్ చేయించుకుని వస్తారు. కోసిగి, ఆదోని వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వలసపోయేవాళ్లకు నెలనెలా నాలుగు రోజుల కూలి పోవడం చిన్న విషయం కాదు. "గర్భసంచి తీసేస్తే పీడ పోతాదన్నారు మేడమ్, ఇప్పుడు ఒళ్లంతా నిప్పులు పోసినట్లుంటాది" అన్న మాట ఇక్కడి ఓపీల్లో కొత్తది కాదు. అసలే కర్నూలు ఎండ. ఏప్రిల్‌లో ఒళ్లు మంటలంటే వేడి చేసిందని సబ్జా గింజలు తాగమనే ఇంట్లోవాళ్లే ఎక్కువ.

అలా ఓపీకి వచ్చినామె సంచిలో మడతలు పడిన డిశ్చార్జి కాగితం ఒకటి ఉంటుంది. అందులో "టీఏహెచ్ విత్ బీఎస్ఓ" అని రాసి ఉంటే గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. ఆ చివరి మూడక్షరాల సంగతి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. మన దగ్గర మామూలుగా ముట్లు ఆగేది 46, 47 ఏళ్లప్పుడు. ఈమెకు ఒక్కరోజులో, ఆపరేషన్ టేబుల్ మీదే ఆగిపోయాయి. 45 లోపు రెండు అండాశయాలూ తీసేసి ఈస్ట్రోజన్ ఇవ్వనివాళ్లలో గుండెజబ్బుతో చనిపోయే ముప్పు పెరిగినట్టు అమెరికాలోని మేయో క్లినిక్ అధ్యయనాలు చూపించాయి. ఎముకలు గుల్లబారడం సరేసరి. ఇలాంటివాళ్లకు మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా ఈస్ట్రోజన్ ఇవ్వాలనే వైద్య మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. 2002 అధ్యయనంలో 50 లోపువాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఆ భయంతో 35 ఏళ్ల ఆమెకు మాత్ర ఆపారు.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. ఇకమీదట జరిగేవాటికి అది పనికొస్తుంది. ఇప్పటికే అయిపోయినవాళ్లు ఏ మందు వాడాలన్నది వేరే ప్రశ్న.

హార్మోన్ మాత్ర వద్దనే డాక్టర్ల వాదన తీసిపారేసేది కాదు. మండలాల్లో మామోగ్రామ్ లేదు, బీపీ చూపించుకోవడానికి కూడా రారు, ఒకసారి రాసిన చీటీతో మెడికల్ షాపులో ఏళ్ల తరబడి కొనుక్కుంటారు అంటారు వాళ్లు. అంతకన్నా పెద్ద భయం పక్కింటావిడ. "ఆమెకిచ్చిందే నాకూ ఇయ్యి అన్నా" అని షాపులో అడిగి తీసుకునే ఆ పక్కింటావిడకు గర్భసంచి ఉంటుంది. గర్భసంచి ఉన్నవాళ్లు ఒట్టి ఈస్ట్రోజన్ వాడితే దాని లోపలి పొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1975లోనే తేలింది, రెండో హార్మోన్ కలపడం మొదలైంది అందుకే. ఎఫ్‌డీఏ ఇప్పుడు కూడా ఆ ఒక్క హెచ్చరికను గడిలోంచి తీయలేదు. అరవై దాటాక, లేదా ముట్లు ఆగిన పదేళ్ల తర్వాత కొత్తగా మొదలుపెట్టమని కూడా అది చెప్పడం లేదు. వీడియోల్లో ఈ మాట వినబడదు.

ఇదే అదనుగా మగవాళ్ల హార్మోన్ టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లకూ గిరాకీ పెంచుతున్నారు. వాళ్ల కథ వేరు. టెస్టోస్టిరాన్ ఒక్కసారిగా ఆగిపోదు, ఏడాదికి ఒక శాతం చొప్పున మెల్లగా తగ్గుతుంది. వయసు మీద పడిందన్న ఒక్క కారణంతో రాయడానికి దానికి అనుమతి లేదని ఎఫ్‌డీఏ 2015లోనే స్పష్టం చేసింది. 45 నుంచి 80 ఏళ్ల మధ్య, టెస్టోస్టిరాన్ తక్కువగా ఉండి గుండెజబ్బు ముప్పు కూడా ఉన్న ఐదువేల మందికి పైగా చూసిన ట్రావర్స్ అధ్యయనం 2023లో వచ్చింది. గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో గడ్డలు మాత్రం మందు వాడినవాళ్లలో ఎక్కువ. ఎముకలు గట్టిపడతాయనుకుంటే విరగడమే కాస్త ఎక్కువ కనబడింది. బస్టాండు గోడల మీద మగతనం ప్రకటనలు రాసేవాళ్లు దీన్ని చదివి ఉండరు.

ఆడవాళ్ల ఓపీలో డాక్టరమ్మ ముందు అడిగేది ఆ పాత డిశ్చార్జి కాగితమే. చాలామంది దగ్గర ఉండదు. ఆపరేషన్ చేసిన నర్సింగ్ హోమ్ ఒక్కోసారి మూతపడి ఉంటుంది. అప్పుడు స్కానింగ్‌కు రాస్తారు, లోపల అండాశయాలు ఉన్నాయో లేవో చూడటానికి.