ఇంగ్లిష్ ఆపోజిట్స్ పాఠం: పిల్లలు బట్టీ పట్టక్కర్లేనివి, మనం సరిచేసుకోవాల్సినవి

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లిష్ చెబుతాను. ఆపోజిట్స్ పాఠం మొదలవగానే పిల్లలు గైడు తెరిచి రెండు వరసల లిస్టు బట్టీ పట్టడం మొదలుపెడతారు. ఇంటి నుంచి వచ్చే ప్రశ్న కూడా అదే, "లిస్టు రాయించారా మేడం?" అని. నేను రాయించను, ఎందుకో చెబుతాను. ఈ ఆపోజిట్స్‌లో చాలావరకు పదం ముందు అన్, ఇన్ లాంటి చిన్న ముక్క చేర్చి తయారు చేసేవే, ఆ ముక్కనే ప్రిఫిక్స్ అంటారు.

అపోహ: ప్రిఫిక్స్‌లకు రూల్ లేదు, ఏ పదానికి ఏది వస్తుందో కంఠతా రావాల్సిందే.

'ఇన్' కుటుంబానికి చక్కటి రూల్ ఉంది, అది పిల్లల నోట్లోనే ఉంది. ముందు వాళ్లతో 'పంపు' అనిపిస్తాను, తర్వాత 'పంతులు' అనిపిస్తాను. రెండింట్లోనూ రాసేది ఒకే సున్న. కానీ 'పంపు' అన్నప్పుడు సున్న దగ్గర పెదవులు మూసుకుంటాయి, 'పంతులు' అన్నప్పుడు నాలుక వెళ్లి పళ్లకు తగులుతుంది, ఎందుకంటే తర్వాత రాబోయే అక్షరానికి నోరు ముందే సిద్ధమైపోతుంది. ఇది అర్థమయ్యాక 'పాసిబుల్' ముందు 'ఇన్' పెట్టి గబగబా పదిసార్లు అనమంటాను. మూడోసారికో నాలుగోసారికో వాళ్లంతట వాళ్లే 'ఇంపాసిబుల్' అనేస్తారు. ప, బ, మ మూడూ పెదవులు కలిస్తేనే పలికేవి కాబట్టి వాటి ముందు 'ఇన్' కాస్తా 'ఇమ్' అయింది: ఇంపేషెంట్, ఇంబ్యాలెన్స్, ఇమ్మెచ్యూర్. ల ముందు అదే ల అవుతుంది, ఇల్లీగల్, ఇల్లాజికల్. ర ముందు ర అవుతుంది, ఇర్రెగ్యులర్, ఇర్రెస్పాన్సిబుల్. తెలుగు క్లాసులో ఉత్, లాసం కలిసి ఉల్లాసం అయిందని చెబుతారు కదా, ఇదీ అలాంటిదే, కాకపోతే లాటిన్‌లో జరిగింది, ఇంగ్లిష్‌కి తయారుగా వచ్చింది. ఇమ్, ఇల్, ఇర్ అంటూ మూడు కొత్త ప్రిఫిక్స్‌లు నేర్పామనుకుంటాం కానీ అవన్నీ ఒకటే 'ఇన్'.

అపోహ: అయితే ప కనిపిస్తే 'ఇమ్', ల కనిపిస్తే 'ఇల్' పెట్టేయొచ్చు.

ఇక్కడే చాలామంది జారిపడతారు. అన్‌పాపులర్, అన్‌ప్లెజెంట్, అన్‌లక్కీ, అన్‌రియల్. 'అన్' ఇంగ్లిష్ సొంత ప్రిఫిక్స్, అది ఏ అక్షరం ముందైనా స్పెల్లింగ్ మార్చుకోదు. 'ఇన్' మాత్రమే మారుతుంది. మరి ఏ పదానికి 'అన్', ఏ పదానికి 'ఇన్' అంటే, దానికి పూర్తిగా పనికొచ్చే రూల్ లేదు, అది చదవగా వినగా రావాల్సిందే. 'అన్‌ఏబుల్' అంటాం, నామవాచకానికి వచ్చేసరికి 'ఇనబిలిటీ' అంటాం. 'అన్‌స్టేబుల్', 'ఇన్‌స్టబిలిటీ' కూడా అంతే. ఈ జంటలు ఆరో తరగతిలో చెప్పకండి, అప్పటిదాకా కుదిరింది కూడా చెదిరిపోతుంది.

అపోహ: తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లిష్ రాదు.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. న్యాయం, అన్యాయం. ధర్మం, అధర్మం. అవసరం, అనవసరం. ఆరోగ్యం, అనారోగ్యం. హల్లు ముందు 'అ', అచ్చు ముందు 'అన్' అని ఎవరూ చెప్పకుండానే పిల్లలు సరిగ్గా వాడుతున్నారు. సంస్కృతం నుంచి మనకొచ్చిన ఈ 'అన్', లాటిన్ 'ఇన్', ఇంగ్లిష్ 'అన్' మూడూ ఒకే పాత మూలం నుంచి పుట్టినవి, పోలిక కాకతాళీయం కాదు. ఇక అచ్చతెలుగులో 'కాదు' అనే భావం పదం చివర చేరుతుంది, కడిగిన గిన్నె, కడగని గిన్నె. ఇంగ్లిష్‌లో అది వాష్డ్, అన్‌వాష్డ్. తెలిసిన, తెలియని అంటే నోన్, అన్‌నోన్. మన 'ని' వెనకాల ఉంటుంది, వాళ్ల 'అన్' ముందుంటుంది అని ఒక్కసారి చూపిస్తే, చదువులో వెనకబడ్డ పిల్లలు కూడా సొంతంగా అన్‌కుక్డ్, అన్‌పెయిడ్, అన్‌కట్ అని తయారు చేసుకుంటూ పోతారు, ఆ పూట క్లాసు చూడాలి!

అపోహ: 'అన్' అంటే ఎప్పుడూ 'కాదు' అనే.

ఫోన్ అన్‌లాక్ చేయడం పిల్లలందరికీ తెలుసు. లాక్ వేయకుండా ఉంచడం కాదది, వేసిన లాక్ తీయడం. క్రియ ముందు వస్తే 'అన్' చేసిన పనిని వెనక్కి తిప్పుతుంది. టై, అన్‌టై. ప్యాక్, అన్‌ప్యాక్. తెలుగులో వీటికి కట్టు, విప్పు, సర్దు, తీయి అని వేరే మాటలున్నాయి కాబట్టి ఈ తేడా విడిగా చెప్పాలి.

'మిస్' సంగతీ అలాంటిదే. గైడ్లలో దీన్ని కూడా ఆపోజిట్స్‌లో కలిపేస్తారు. మిస్‌అండర్‌స్టాండ్ అంటే అర్థం కాకపోవడం కాదు, తప్పుగా అర్థం చేసుకోవడం.

స్పెల్లింగ్‌లో ఒక అక్షరమా రెండా అన్న టెన్షన్ అసలు అక్కర్లేదు. ప్రిఫిక్స్‌ని, పదాన్ని విడివిడి అట్టముక్కల మీద రాయించి పక్కపక్కన పెట్టిస్తే చాలు, ఏ ముక్కలోనూ అక్షరం పోదు. 'అపియర్'లో మొదట ఎస్ లేదు కాబట్టి డిసపియర్‌లో ఒకటే ఎస్, 'సాటిస్‌ఫైడ్' ఎస్‌తో మొదలవుతుంది కాబట్టి డిస్‌సాటిస్‌ఫైడ్‌లో ఆ చోట రెండు.

అపోహ: ముందు ప్రిఫిక్స్ కనిపిస్తే అర్థం వ్యతిరేకం.

ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెలకట్టలేనంత విలువైనది. దీనికంటే ముఖ్యమైన పదం మరొకటుంది. పెట్రోల్ ట్యాంకర్ల వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది. ఫ్లేమ్ అంటే మంట అని తెలిసి, 'ఇన్' అంటే కాదు అని మనం నేర్పిన పిల్లాడు దాన్ని అంటుకోనిది అని చదువుకుంటాడు. నిజానికి ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఫ్లేమబుల్ అన్నా తేలిగ్గా అంటుకునేదనే, ఇక్కడి 'ఇన్' 'కాదు' అని చెప్పే 'ఇన్' కాదు. అంటుకోనిది అని చెప్పాలంటే నాన్‌ఫ్లేమబుల్ అనాలి. ఈ ఒక్క పదాన్ని బోర్డు మీద ఓ మూల విడిగా రాసి, ఆ వారమంతా చెరపను.