మెల్లగా ఉడకాలి, త్వరగా వేడెక్కాలి

స్లో కుక్కర్ కొన్న మొదటి వారంలోనే మటన్ సూప్ పెట్టాను. పొద్దున ఎనిమిదింటికి ఎముకలతో సహా మేక కాలి మాంసం, క్యారెట్లు, ఉల్లిపాయలు, గుప్పెడు బార్లీ వేసి, కుళాయి నీళ్ళు పోసి, ‘లో’ (తక్కువ వేడి) మీద పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయాను. సాయంత్రం ఆరున్నరకు తలుపు తీస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. గరిటె తగిలించగానే మాంసం ఎముకను వదిలేసింది. సంతోషంగా వడ్డించుకుని ముందుగా ఒక క్యారెట్ ముక్క నోట్లో వేసుకున్నాను. కరుక్కుమంది.

పది గంటలకు పైగా ఉడికిన కుండలో మేక కాలు వెన్నలా మెత్తబడి, క్యారెట్ మాత్రం గట్టిగా ఎలా మిగిలింది? స్టవ్ మీద అయితే అదే ముక్క పావుగంటలో ఉడుకుతుంది కదా! ఈ ప్రశ్న వెంట పడ్డాకే నాకు స్లో కుక్కర్ సంగతి తెలిసింది. అందులో వంట మెల్లగా ఉడకడం మంచిదే. మెల్లగా వేడెక్కడం మాత్రం మంచిది కాదు. వినడానికి రెండూ ఒకటిలాగే ఉంటాయి గానీ, సూప్ రుచి, తిన్నవాళ్ళ ఆరోగ్యం రెండూ ఆ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందు ఆ పాత్ర ఎంత నిదానంగా పని చేస్తుందో లెక్కేసి చూద్దాం. జాడీలాంటి మందపాటి పింగాణీ కుండ, దాని చుట్టూ హీటింగ్ కాయిల్, పైన గాజు మూత. ఇంతకు మించి అందులో ఏమీ ఉండదు. నీళ్ళు కాచుకునే ఎలక్ట్రిక్ కెటిల్ 1500 వాట్లు లాగుతుంది. స్లో కుక్కర్ ‘లో’ మీద 150 వాట్లు అనుకుందాం. మూడు లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 8 లక్షల జూళ్ళ శక్తి కావాలి. కెటిల్ ఆ పని తొమ్మిది నిమిషాల్లో ముగిస్తుంది. స్లో కుక్కర్‌కు, వేడి ఏమాత్రం బయటికి పోకపోయినా, గంటన్నర పడుతుంది. నిజానికి కుండ గోడల నుంచి, మూత నుంచి వేడి పోతూనే ఉంటుంది కాబట్టి ఆ గంటన్నర కాస్తా మూడు నాలుగు గంటలవుతుంది. చాలా మోడళ్ళలో ‘లో’ అయినా ‘హై’ అయినా చివరికి చేరే వేడి ఇంచుమించు ఒకటే, మరుగుకు కాస్త అటూ ఇటూ. ఎంతసేపట్లో చేరుతుందన్న దాంట్లోనే తేడా. కరెంటు ఖర్చు చూస్తే 150 వాట్ల చొప్పున ఎనిమిది గంటలకు 1.2 యూనిట్లు.

ఇంత నిదానం మాంసానికి ఎందుకు నచ్చుతుంది? మేక రోజంతా తిరుగుతుంది, గుట్టలెక్కుతుంది. ఆ బరువంతా మోసే కాళ్ళలో కండను ఎముకకు కట్టి ఉంచే పొరలు, నరాలు ఎక్కువ. వాటిలో ముఖ్యమైనది కొలాజెన్ అనే ప్రొటీన్. మూడు పోగులు కలిపి పేనిన తాడులా ఉంటుంది దాని నిర్మాణం. మేక ముదిరేకొద్దీ ఆ తాళ్ళ మధ్య అడ్డముళ్ళు పెరుగుతాయి. ముదురు మాంసం ఉడకదని మనం అనేది దీని వల్లే. వేడి 60 డిగ్రీలు దాటేసరికి ఈ తాళ్ళు ముడుచుకుని కండను బట్టలు పిండినట్టు పిండేస్తాయి. సగం ఉడికిన మటన్ పచ్చిదానికంటే గట్టిగా, రబ్బరులా అనిపించేది ఈ దశలోనే. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి మంట పెంచుతారు. మంట పెంచక్కర్లేదు, ఆగాలి. 70 డిగ్రీలు దాటాక పేనిన పోగులు ఒక్కొక్కటే విడిపోయి నీళ్ళలో కరగడం మొదలవుతుంది. అలా కరిగినదే జెలటిన్. నీళ్ళలాంటి చారుకు పెదాలకు అంటుకునే చిక్కదనం ఇచ్చేది అదే. 90 డిగ్రీల దగ్గర ఈ పని గంటల తరబడి సాగుతుంది, పక్కన ఎవరూ కాపలా ఉండనక్కర్లేదు.

ప్రెషర్ కుక్కర్ ఉండగా ఇదంతా ఎందుకు అని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండన్‌లో ఆవిరిని బంధించి ఎముకలను సైతం మెత్తబరిచే పాత్ర తయారుచేశాడు. మన కుక్కర్లన్నీ దాని వారసులే. ఒత్తిడిలో నీళ్ళు దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి కాబట్టి కొలాజెన్ ముప్పావు గంటలోనే కరుగుతుంది. తొందరగా కావాలంటే ప్రెషర్ కుక్కరే మేలు, సందేహం లేదు. కానీ విజిల్స్ లెక్కపెట్టడానికి ఒక మనిషి ఉండాలి. ఆఫీసు, ట్రాఫిక్, పిల్లల ట్యూషన్ అన్నీ దాటుకుని ఇంటికి చేరిన మనిషికి ఆ ముప్పావు గంట కూడా బరువే. స్లో కుక్కర్ తీసుకునే సమయం మనది కాదు, మనం ఇంట్లో లేనప్పటిది. ఇంకో లాభం కూడా ఉంది. తెర్లే నీళ్ళలో కొవ్వు చిన్న చిన్న బొట్లుగా చితికిపోయి చారంతా తెల్లగా మబ్బు పడుతుంది. మెల్లగా ఉడికితే కొవ్వు పైకి తేలి ఉంటుంది, కింద చారు తేటగా నిలుస్తుంది.

అన్ని మాంసాలకూ ఇది పనికిరాదు. చికెన్ బ్రెస్ట్‌లో కొలాజెన్ చాలా తక్కువ, కరగాల్సింది ఏమీ లేదు. దాన్ని ఎనిమిది గంటలు ఉంచితే పీచు మిగులుతుంది. సూప్‌కు కాళ్ళు, మెడ, నల్లి బొక్కలు, చికెన్ అయితే లెగ్ పీసులు తీసుకోవాలి.

ఇక క్యారెట్ దగ్గరికి వద్దాం. కూరగాయల కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. జామ్ గట్టిపడేది కూడా దీనివల్లే. మరిగే నీళ్ళలో పెక్టిన్ విడిపోయి ముక్క మెత్తబడుతుంది. అయితే క్యారెట్‌లో, బంగాళాదుంపలో పెక్టిన్ మిథైల్‌ఎస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. 50 నుంచి 65 డిగ్రీల మధ్య అది చురుగ్గా పని చేస్తుంది. పెక్టిన్ గొలుసుల మీద కాల్షియం పట్టుకోవడానికి చోటు చేస్తుంది, కాల్షియం వచ్చి రెండు గొలుసులకు మధ్య వంతెన కడుతుంది. అలా గట్టిపడ్డ జిగురు తర్వాత ఎంత ఉడికినా ఒక పట్టాన విడిపోదు. స్టవ్ మీద నీళ్ళు ఈ 50-65 మెట్టును రెండు మూడు నిమిషాల్లో దాటేస్తాయి, ఎంజైమ్‌కు అవకాశమే దొరకదు. నా స్లో కుక్కర్ అదే మెట్టు మీద చాలాసేపు నిలబడింది. నా కుళాయిలో వచ్చేది బోరు నీళ్ళు, అంటే కాల్షియానికి కొదవలేదు. మాంసం మెత్తబడే వేడికి కుండ చేరేలోపే క్యారెట్ తన కోట కట్టేసుకుంది.

మొదటి గంటల్లో ఇంతకంటే పెద్ద చిక్కు ఉంది. బ్యాక్టీరియాకు బాగా నచ్చే వేడి 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల వరకు. మాంసం వంటల్లో కనిపించే క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనేది 45 డిగ్రీల దగ్గర పది నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. అదే వేగంతో మూడు గంటలు సాగితే పద్దెనిమిది సార్లు రెట్టింపు, అంటే ఒక్కటి రెండున్నర లక్షలు దాటుతుంది. అందుకే గడ్డకట్టిన మాంసాన్ని ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా స్లో కుక్కర్‌లో వేయకూడదు. ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చి పూర్తిగా కరగనివ్వాలి.

క్యారెట్‌కూ, బ్యాక్టీరియాకూ మందు ఒకటే. కింది మెట్లను త్వరగా దాటించాలి. ఇప్పుడు నేను చేసేది ఇది. లేచిన వెంటనే ఖాళీ కుండలో కాసిని గోరువెచ్చని నీళ్ళు పోసి ‘హై’ మీద పెడతాను. పక్కన మూకుడులో కొంచెం నూనె వేసి మాంసం ముక్కలను అన్ని వైపులా ఎర్రగా వేయిస్తాను. అదే మూకుడులో ఉల్లిపాయలు, తర్వాత సన్నగా తరిగిన క్యారెట్లు వేసి అయిదు నిమిషాలు బాగా వేడి తగలనిస్తాను. ఆ వేడికే ఎంజైమ్ పని ఆగిపోతుంది. అన్నింటినీ వెచ్చబడిన కుండలోకి మార్చి, కూరముక్కలు అడుగుకూ అంచులకూ చేరేలా సర్ది, బాగా కాగిన నీళ్ళు పోస్తాను. చల్లటి పింగాణీలో మరిగే నీళ్ళు ఒక్కసారిగా పోస్తే పగిలే ప్రమాదం ఉంది, కుండను ముందుగా వెచ్చబరిచేది అందుకే. మొదటి గంట ‘హై’ మీద ఉంచి, బయల్దేరే ముందు ‘లో’కు తిప్పుతాను. అంతా కలిపి పొద్దున ఇరవై నిమిషాల పని.

వేయించడం వల్ల రుచి కూడా పెరుగుతుంది. నీళ్ళున్న పాత్ర 100 డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రబడి ఆ కమ్మని వాసన రావాలంటే చక్కెరలు, ప్రొటీన్లు కలిసి జరిపే మెయిలార్డ్ చర్య కావాలి. అది 140 డిగ్రీల పైన వేగంగా సాగుతుంది. తక్కువ వేడిలోనూ జరగదని కాదు గానీ చాలాసేపు పడుతుంది. పల్లెటూళ్ళలో దాలి గుంట చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పిడకల నిప్పు మీద పాలకుండ పెట్టి వదిలేస్తే మంట లేకుండా, పొంగకుండా పాలు పొద్దంతా కాగుతాయి. సాయంత్రానికి పాలు లేత ఎరుపు తిరిగి, పైన దళసరి మీగడ కడుతుంది. ఆ ఎరుపు అదే చర్య మెల్లగా చేసిన పని. నాకైతే దాలే మన మొదటి స్లో కుక్కర్.

కరెంటు స్లో కుక్కర్ వెనకా ఇలాంటి కథే ఉంది. యూదులకు శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు, ఆ వేళలో పొయ్యి వెలిగించరు. అందుకని తూర్పు ఐరోపాలో శుక్రవారం సాయంత్రమే చోలెంట్ అనే మాంసం, చిక్కుళ్ళు, బార్లీ కుండను ఊరి బేకరీకి పంపేవాళ్ళు. ఆరిపోతున్న పొయ్యి వేడిలో అది రాత్రంతా ఉడికి మర్నాడు మధ్యాహ్నానికి సిద్ధమయ్యేది. లిథువేనియా నుంచి వచ్చిన ఇంటి పెద్దల నోట ఈ కథ విన్న ఇర్వింగ్ నాక్సన్ అనే షికాగో ఇంజనీరు, చుట్టూ సమానంగా వేడినిచ్చే కరెంటు కుండ చేశాడు. 1936లో పేటెంట్‌కు దరఖాస్తు పెడితే 1940లో వచ్చింది. 1970లో రైవల్ అనే కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొని, మరుసటి ఏడాది క్రాక్ పాట్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అమెరికాలో ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలకు వెళ్తున్న కాలమది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేడి వేడి భోజనం తయారుగా ఉండడం ఎంత ఊరటో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పప్పులు, గింజల విషయంలో ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పాలి. రాజ్మాను పచ్చిగా స్లో కుక్కర్‌లో వేయొద్దు. అందులో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. 80 డిగ్రీల దగ్గర అరకొరగా ఉడికితే ఆ విషం పచ్చి గింజలకంటే అయిదు రెట్ల దాకా పెరగవచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిస్తుంది. అయిదు గంటలైనా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో స్టవ్ మీద అరగంట తెర్లించాకే కుండలోకి చేర్చాలి. నేనైతే సూప్‌లోకి ఎర్ర కందిపప్పు, పెసరపప్పు వాడతాను, ఆ బెంగే ఉండదు.

పప్పు ఉడకకముందు చింతపండు వేయకూడదని మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. పులుపులో పెక్టిన్ విడిపోదు, అంతే. టమాటాకూ అదే లెక్క, చివరి గంటలో వేసుకోవాలి. మిరియాల పొడి, కొత్తిమీర, నిమ్మరసం కుక్కర్ కట్టేశాక. ఎనిమిది గంటలు ఉడికితే వాటి వాసన కాస్తా ఎగిరిపోతుంది.

మూత తీసి తీసి చూడొద్దు. లోపలి ఆవిరి గాజుకు తగిలి నీరై తిరిగి కుండలోకే జారుతుంది. మూత తీస్తే ఆ ఆవిరితో పాటు బోలెడంత వేడి పోతుంది, 150 వాట్ల కాయిల్ దాన్ని మళ్ళీ కూడదీసుకోవడానికి చాలాసేపు పడుతుంది. నీరు ఇగరదు కాబట్టి స్టవ్ మీద పోసేదానికంటే తక్కువ పోయాలి. ఉలవచారు ఇందులో చేయాలనుకునేవాళ్ళూ ఇది గుర్తుపెట్టుకోండి. ఉలవలు చక్కగా ఉడుకుతాయి గానీ, ఆ కట్టును విడిగా మూత లేకుండా మరిగించి ఇగర్చాల్సిందే.

మనం ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి వస్తే? ఎంతసేపు పోయిందో తెలియకపోతే, చూడ్డానికి ఉడికినట్టున్నా సరే, పారబోయడమే మంచిది. మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ కొన్ని బ్యాక్టీరియా వదిలే విషాలు మళ్ళీ మరిగించినా పోవు. ఇన్వర్టర్ లేని ఇంట్లో, కోతలు ఎక్కువున్న రోజుల్లో నేను దీన్ని సెలవు రోజుకే పెట్టుకుంటాను.

మిగిలిన సూప్‌ను అదే కుండలో చల్లారబెట్టకూడదు. మందపాటి పింగాణీ వేడిని గంటల తరబడి పట్టుకుని ఉంటుంది, సూప్ మళ్ళీ అదే 45 డిగ్రీల చుట్టూ తచ్చాడుతుంది. లోతు తక్కువున్న రెండు మూడు గిన్నెల్లోకి వంచి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. పోయిన గురువారం అలా పెట్టిన గిన్నెను మర్నాడు పొద్దున తీసి అడ్డంగా వంచి చూశాను. సూప్ జారలేదు, జున్నులా కదిలింది. ముందు రోజు పగలంతా కాలి ఎముకల నుంచి దిగిన జెలటిన్ అది. 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి చెంచాడు నాలుక మీద వేసుకోగానే నోరంతా చారైంది. మిగతాది స్టవ్ మీద పొగలు కక్కేలా మరిగించి, నిమ్మకాయ పిండి, మా అబ్బాయి టిఫిన్ బాక్స్ పక్కన ఫ్లాస్కులో పోశాను.